తడోబా, తిప్పేశ్వర్, సిరొంచ: ఏ కార్తెలో ఏ అడవికి పోవాలి

మహారాష్ట్రలోని బల్లార్షాలో, చంద్రపూర్‌లో ఉండే తెలుగువాళ్ల ఇళ్లకు సెలవుల్లో చుట్టాలు వస్తే చాయ్ తాగకముందే అడిగే మాట ఒకటుంది: "తడోబా ఎప్పుడు తీసుకుపోతావ్ బావా?" మంచిర్యాలలోనో, పెద్దపల్లిలోనో రైలెక్కితే నేరుగా ఇక్కడే దిగొచ్చు కాబట్టి వాళ్లకు ఇది పక్కూరి ప్రయాణమే. ఆ అడగడంలో రెండు వేర్వేరు కోరికలుంటాయి. కొందరికి పులి కనబడాలి. ఇంకొందరికి చెట్ల మధ్య తనివితీరా నడవాలి. ఈ రెండూ ఒక్కచోట దొరకవు. తడోబాలో సఫారీకి పోతే బండి దిగి కాలు కింద పెట్టనివ్వరు. ఈ సంగతి చాలామందికి గేటు దగ్గరికి వచ్చాకే తెలుస్తుంది. ట్రెక్కింగ్ బూట్లు కొనుక్కుని మరీ వచ్చినవాళ్లు జిప్సీలో మూడు, నాలుగు గంటలు కూర్చుని ముఖం వేలాడేసుకుని బయటకొస్తారు.

అందుకే ముందు పులా, నడకా అన్నది తేల్చుకోండి. ఏ నెల అన్నది ఆ తర్వాత చూసుకోవచ్చు. గేటు సంగతి అన్నిటికంటే చివర. మామూలుగా మనవాళ్లు దీన్ని తిరగేసి చేస్తారు. పిల్లల సెలవులు చూసి తేదీ పెట్టుకుంటారు, ఆ తేదీకి ఏ గేటు దొరికితే ఆ గేటు బుక్ చేస్తారు, ఆ తర్వాత పులి కనబడలేదని గైడును తిట్టుకుంటారు.

పులి కోసమైతే

తడోబా 1955లో జాతీయ పార్కు అయింది. మహారాష్ట్రలో అన్నిటికంటే పాతది ఇదే. 1986లో పక్కనే అంధారి అభయారణ్యం వచ్చింది, తర్వాత రెండూ కలిసి పులుల అభయారణ్యం అయ్యాయి. లోపలి కోర్ 625 చదరపు కిలోమీటర్లు, చుట్టూ ఊళ్లూ పొలాలూ కలిసిన బఫర్ దాదాపు 1,100. ఇది ఆకురాల్చే అడవి. టేకు, వెదురు, నల్లమద్ది, తునికి, ఇప్ప, మోదుగ, అక్కడక్కడ తెల్లగా మెరిసే తపసి చెట్లు. ఏ నెలలో ఏం కనబడుతుందన్నది ఈ ఆకురాల్చే గుణం మీదే ఆధారపడి ఉంటుంది.

అక్టోబర్ 1న కోర్ గేట్లు తెరుస్తారు. దసరా, దీపావళి సెలవులు కాబట్టి జనం విరగబడతారు. కానీ పులి కనబడటానికి ఇది అంత మంచి సమయం కాదు. గడ్డి మనిషెత్తు ఉంటుంది, వెదురు పొదలు ఒత్తుగా ఉంటాయి, అడవిలో ఎక్కడ చూసినా నీళ్లే కాబట్టి పులి ఫలానా చెరువుకే రావాలన్న అవసరం లేదు. పది అడుగుల దూరంలో పడుకుని ఉన్నా మీకు తెలియదు. ఆ నెలలో అడవి మాత్రం చాలా బాగుంటుంది. దారికి అడ్డంగా చెట్టు నుంచి చెట్టుకు గూళ్లు అల్లిన పెద్ద సాలీళ్లు కనబడతాయి. అరచేయంత ఉంటాయి, చూసినవాళ్లు మర్చిపోరు. పచ్చదనం, పిట్టలు, పురుగులు ఇష్టమైనవాళ్లకు అక్టోబర్, నవంబర్ చెప్పండి. "పులి చూడకపోతే డబ్బులు వృథా" అనే మామయ్యకు మాత్రం చెప్పకండి.

డిసెంబర్, జనవరి నెలల్లో తెల్లవారుజామున ఓపెన్ జిప్సీలో చలి ఎముకలు కొరుకుతుంది. స్వెట్టర్ ఒక్కటి చాలదు. చెవులకు మఫ్లర్, చేతులకు గ్లౌజులు, ఒళ్లో కప్పుకోవడానికి ఒక దుప్పటి ఉండాలి. ఈ నెలల్లో మధ్యాహ్నం సఫారీ హాయిగా ఉంటుంది. ఎండకు పులులు దారి మీదికి వచ్చి పడుకోవడమూ ఉంది. ముసలివాళ్లూ, పసిపిల్లలూ ఉన్న కుటుంబానికి నేనైతే ఈ మధ్యాహ్నాలే చెబుతాను.

ఫిబ్రవరి వచ్చేసరికి ఆకు రాలడం మొదలై అడవి పలచబడుతుంది. మోదుగ పూస్తుంది. మార్చిలో, ఏప్రిల్‌లో ఇప్పపువ్వు రాలుతుంటే ఎలుగుబంట్లు దాని కోసం వస్తాయి. ఎండ ఇంకా ముదరదు, చూపు దూరం పోతుంది, చిన్న వాగులు ఎండిపోయి జంతువులు చెరువుల వైపు జరుగుతుంటాయి. చుట్టాలు ఎవరడిగినా ముందు నేను చెప్పే సమయం ఇదే, ఫిబ్రవరి చివరి నుంచి మార్చి చివరి దాకా. పిల్లలకు పరీక్షలని అందరూ దీన్నే వదిలేస్తారు. ఆ కారణంగానే బుకింగ్ కూడా కొంచెం తేలిక.

పులి అవకాశం అన్నిటికంటే ఎక్కువ ఎప్పుడంటే భరణి, కృత్తిక, రోహిణి కార్తెలు. ఏప్రిల్ చివరి నుంచి జూన్ మొదటి వారం దాకా. నీళ్లు కొన్ని చోట్లే మిగులుతాయి. పులి వేడి తట్టుకోలేక వెనక్కి నడుచుకుంటూ వచ్చి నీళ్లలో నడుము దాకా కూర్చుంటుంది. గైడ్లు బండిని పాంఢర్‌పౌనీ లాంటి నీటి చెలమల దగ్గర ఆపి ఎదురుచూస్తారు. పెద్ద లెన్సులున్న ఫోటోగ్రాఫర్లంతా అప్పుడే దిగుతారు. కానీ చంద్రపూర్ ఎండ సంగతి తెలిసిందే కదా. దేశంలో అన్నిటికంటే వేడిగా ఉండే ఊళ్ల జాబితాలో మే నెలలో మన పేరు లేని వారం ఉండదు. 45 డిగ్రీలు దాటడం ఇక్కడ వార్తే కాదు. ఆ ఎండ నెత్తిన ఉండగానే మధ్యాహ్నం బండెక్కాలి. బీపీ ఉన్న నాన్నమ్మనూ, రెండేళ్ల పాపనూ తీసుకుని మే నెల మధ్యాహ్నం సఫారీకి పోవడం నాకు అర్థం కాని సాహసం. మేలోనే పోక తప్పదంటే పొద్దున సఫారీ తీసుకోండి, మధ్యాహ్నం కూలర్ కింద పడుకోండి.

కోరా, బఫరా

డబ్బు, టెన్షన్ రెండూ ఇక్కడే ఎక్కువ ఖర్చవుతాయి. కోర్‌లో మొహర్లి గేటు మనకు దగ్గర, చంద్రపూర్ నుంచి గంటలోపు ప్రయాణం. కొలారా, నవేగావ్ గేట్లు చిమూర్ వైపు ఉంటాయి, అవి నాగ్‌పూర్ వాళ్లకు అనువు. తెలుగు వైపు నుంచి వచ్చేవాళ్లు ఇంటర్నెట్‌లో ఎవరో మెచ్చుకున్నారని కొలారా బుక్ చేసుకుని, తెల్లవారుజామున రెండు గంటలకు చంద్రపూర్ నుంచి బయల్దేరడం చూస్తుంటాం. అదేం అవసరం లేదు. జనం తక్కువ ఉండాలంటే కోల్సా వైపు పోయే ఝరి, పాంగ్డి గేట్లున్నాయి.

మొహర్లి నుంచి తడోబా చెరువుకు పోయే దారిలో గోండు రాజుల కాలం నాటి రాతి స్తంభాలు వరుసగా కనబడతాయి. చెరువు ఒడ్డున తారూ అనే గోండు నాయకుడి గుడి ఉంది. పులితో పోరాడి చనిపోయి దేవుడయ్యాడని గోండుల నమ్మకం. తడోబా పేరు ఆయన నుంచే వచ్చింది. పుష్యమాసంలో ఆదివాసులు అక్కడ జాతర చేస్తారు. పులి కనబడని రోజు కూడా ఈ దారి, ఆ చెరువులో ఎండకు నోరు తెరిచి పడుకున్న మొసళ్లు చూడటానికి బాగుంటాయి. అది బఫర్‌లో దొరకదు.

బఫర్‌లో దొరికేది వేరు. జునోనా, అగర్‌ఝరి, దేవాడా గేట్లు చంద్రపూర్‌కు దగ్గర. రేటు తక్కువ, బుకింగ్ తేలిక, కోర్ మూసిన రోజుల్లోనూ చాలా గేట్లు నడుస్తాయి. పులికి కోర్ ఎక్కడ ముగుస్తుందో, బఫర్ ఎక్కడ మొదలవుతుందో పట్టదు. బఫర్‌లో పులిని చూసి, కోర్‌లో దుప్పులను మాత్రమే చూసి వచ్చినవాళ్లు ఈ జిల్లాలో కొల్లలు. రెండు సఫారీలకు డబ్బులుంటే ఒకటి కోర్, ఒకటి బఫర్ పెట్టుకోండి. ఒక్కటే అయితే, వేసవిలో బఫర్ చాలు, చలికాలంలో కోర్ మేలు. ఇదివరకు కొన్ని బఫర్ గేట్లలో రాత్రి సఫారీ కూడా ఉండేది. చీకట్లో టార్చి వెలుగుకు మెరిసే కళ్లు తప్ప పెద్దగా ఏమీ కనబడేది కాదు, దానికంటే ఇంకో పొద్దుటి సఫారీయే మేలు. రాత్రి అడవి నిజంగా కావాలంటే బుద్ధ పూర్ణిమ ఉంది. ఆ వెన్నెల రాత్రి అటవీశాఖ బఫర్‌లో నీటి చెలమల దగ్గర మంచెల మీద కూర్చోబెట్టి వచ్చే జంతువులను లెక్క రాయిస్తుంది. సీట్లు కొన్నే, ముందు అడిగినవాళ్లకే. చప్పుడు చేయకుండా రాత్రంతా కూర్చోగలిగినవాళ్లే పోవాలి.

తిప్పేశ్వర్ ఎవరికి

ఆదిలాబాద్, కిన్వట్, పాండర్‌కవడా వైపు ఉన్నవాళ్లు తడోబా దాకా రావాల్సిన పని లేదు. యవత్మాల్ జిల్లాలో, 44వ నంబర్ జాతీయ రహదారికి పక్కనే తిప్పేశ్వర్ అభయారణ్యం ఉంది. ఆదిలాబాద్ నుంచి పెన్‌గంగ వంతెన దాటి గంటలో చేరొచ్చు. విస్తీర్ణం 148 చదరపు కిలోమీటర్లు. అంటే తడోబా కోర్‌లో నాలుగో వంతు కంటే తక్కువ. ఇంత చిన్న చోట పులులు ఇరుకుపడుతున్నాయని చెప్పడానికి ఒక్క పులి చాలు. ఇక్కడ పుట్టి, 2019లో మెడకు రేడియో కాలర్ కట్టించుకున్న ఒక మగపులి ఆ ఏడాది జూన్‌లో బయల్దేరి, మన ఆదిలాబాద్ అడవులూ తిరిగి, డిసెంబర్ నాటికి 1,300 కిలోమీటర్లు నడిచి బుల్‌ఢాణా జిల్లా జ్ఞానగంగ అభయారణ్యం చేరింది. తోడు కోసం, సొంత చోటు కోసం. ఆదిలాబాద్ వైపు పత్తి చేన్లలో అప్పుడప్పుడు పులి అడుగులు కనబడుతున్నాయంటే ఇక్కడి నుంచి దాటివచ్చేవే ఎక్కువ.

చూసేవాళ్లకు ఈ చిన్నతనమే లాభం. గుట్టలు, గడ్డి మైదానాలు, మధ్యలో వాగులు. బండ్ల రద్దీ తడోబా అంత ఉండదు. సున్నా, మాథనీ గేట్లలో వారం మధ్యలో పోతే నెమ్మదిగా తిరగొచ్చు. తక్కువైనవి రెండు. తడోబాలో లాంటి పెద్ద చెరువు, మొసళ్లు, పాత కట్టడాలు లేవు. గేట్ల పక్కన బస చేసే చోట్లూ తక్కువే, పాండర్‌కవడాలో ఉండి రావడమే నయం. ఒక్కరోజులో పోయిరావాలి, ఖర్చు తక్కువ కావాలి, ఇల్లు ఆదిలాబాద్ వైపు అంటే తిప్పేశ్వర్. రెండు రాత్రులుండి అడవిని నింపాదిగా చూడాలంటే తడోబా. రెండూ వానాకాలం మూసి ఉంటాయి.

జన్నారం వైపు కవ్వాల్ సంగతి అడుగుతారు. చవక, అందమైన అడవి, కడెం ప్రాజెక్టు పక్కనే. పులి మీద ఆశ పెట్టుకుని మాత్రం పోవద్దు.

నడవడానికి పోతే

ఇక బూట్లు కొనుక్కున్నవాళ్ల సంగతి. వాళ్లు పులుల అభయారణ్యాలు వదిలేసి దక్షిణానికి, పడమటికి చూడాలి.

గడ్చిరోలి జిల్లా ఆలాపల్లి నుంచి భామ్రాగఢ్ పోయే దారిలో అడవిలో ఆరు హెక్టార్ల ముక్క ఉంది. గొడ్డలి పడని పాత టేకు చెట్లు అక్కడ మిగిలాయి. 2014లో దాన్ని జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు, ఈ రాష్ట్రంలో మొదటిది అదే. గ్లోరీ ఆఫ్ ఆలాపల్లి అంటారు. ఆరు హెక్టార్లు అంటే నడకకు ఎంతసేపు అని నవ్వుతారేమో. ఇద్దరు, ముగ్గురు చేతులు కలిపితే గానీ కౌగిట్లోకి రాని టేకు కింద నిలబడితే నడక పొడవు ఎవరూ కొలవరు. ఈ అడవుల టేకుకు ఎంత పేరంటే, అయోధ్య గుడి తలుపుల కోసం 2023లో మన బల్లార్షా డిపో నుంచి కలప పోయింది. ఆలాపల్లికి నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా రండి. ఆకు ఉంటుంది, దారి ఆరి ఉంటుంది. ఏప్రిల్‌లో వస్తే టేకు మోడై, నీడ కూడా దొరకదు. దగ్గర్లోనే కమలాపూర్‌లో అటవీశాఖ ఏనుగుల క్యాంపు ఉంది. ఒకప్పుడు దుంగలు లాగిన ఏనుగుల సంతతి, పిల్లలకు పులి కంటే ఇదే నచ్చుతుంది.

ఇంకా కిందికి పోతే సిరొంచ. అక్కడ మరాఠీ రాకపోయినా పర్వాలేదు, టీ కొట్టు నుంచి ఆటో దాకా తెలుగే. ప్రాణహిత పుష్కరాలకు 2022లో వచ్చినవాళ్లకు ఘాట్లు గుర్తుండే ఉంటాయి. అవతలి ఒడ్డున కాళేశ్వరం. ఈ తాలూకాలో రాళ్లలో కోట్ల ఏళ్లనాటి చెట్ల శిలాజాలు, రాక్షసబల్లుల ఎముకలు దొరికాయి. పోచంపల్లి దగ్గర 1960లలో తవ్వి తీసిన బారాపాసారస్ అస్థిపంజరం ఇప్పుడు కోల్‌కతాలో నిలబడి ఉంది. వడధం ఫాసిల్ పార్కులో రాయిగా మారిన దుంగలు చూడొచ్చు. చలికాలం పొద్దుట పూట చెట్టూ రాయీ చూసుకుంటూ నడవడానికి బాగుంటుంది, ఎండాకాలం ఆ రాళ్ల మధ్య నిలబడలేరు. ఆలాపల్లి–సిరొంచ రోడ్డు ఎలా ఉందో బయల్దేరే ముందు ఎవరినైనా అడగండి, వానాకాలం తర్వాత మరీ.

కొండ ఎక్కాలంటే రాజురా దాటి గడ్‌చందూర్ మీదుగా జివతీ వైపు మాణిక్‌గఢ్ ఉంది. గుట్ట మీద నల్లరాతి పాత కోట, చుట్టూ అడవి. ఇదొక్కటే నేను వానాకాలం చెప్పే నడక. ఆగస్టు, సెప్టెంబర్‌లో కోట గోడల మీద నాచు, కింద లోయంతా పచ్చగా ఉంటుంది. రాళ్లు జారతాయి, చిరుతలు ఉన్న చోటు, కాబట్టి గుంపుగా పోయి సాయంత్రం నాలుగింటికల్లా దిగిపోవాలి. (జివతీ తాలూకాలో కొన్ని ఊళ్లు మాదంటే మాదని మహారాష్ట్ర, తెలంగాణ వాదించుకుంటున్నవి. అక్కడివాళ్లు రెండు రాష్ట్రాల్లోనూ ఓటేస్తారు. దారి అడిగితే ఏ భాషలోనైనా చెబుతారు.)

నాందేడ్ జిల్లావాళ్లకు వానాకాలం అంటే పెన్‌గంగ మీద సహస్రకుండ్ జలపాతం. కిన్వట్ తాలూకాలో ఇస్లాపూర్ దగ్గర. మఖ, పుబ్బ కార్తెల్లో నిండుగా పడుతుంది, ఏప్రిల్‌కు బండలే మిగులుతాయి. చూడటానికే తప్ప దిగడానికి కాదు. పైన వాన పడితే ఇక్కడ నీరు ఒక్కసారిగా పెరుగుతుంది. అదే దారిలో మాహూర్ రేణుకాదేవి గుట్టలు కలుపుకుంటే రెండు రోజులు నిండుతాయి.

తడోబా కోర్ జూలై 1 నుంచి సెప్టెంబర్ 30 దాకా మూత. వానాకాలం బఫర్ సఫారీకి పోతే పులి కంటే బురద ఎక్కువ కనబడుతుంది, గట్టి వాన పడితే అదీ ఆపేస్తారు. అయినా మొదటి వానలకు, మృగశిర దాటి ఆరుద్ర పురుగులు ఎర్రగా నేల మీద పాకే రోజుల్లో జునోనా వైపు పోతే పిల్లలకు అది ఒక పండగ. భామ్రాగఢ్ వైపు మాత్రం వానాకాలం వద్దు. పర్లకోట వాగు పొంగితే ఊరు ఊరే తెగిపోతుంది.

బయల్దేరే ముందు

కోర్ మంగళవారం మూత. ఇది మర్చిపోయి సోమవారం రాత్రి దిగేవాళ్లు ప్రతి ఏడాదీ ఉంటారు. శని, ఆదివారాలు రేటు ఎక్కువ, రద్దీ ఎక్కువ. జిప్సీలో ఆరుగురు కూర్చోవచ్చు, గైడు తప్పనిసరి, కాబట్టి ఇద్దరే పోతే ఖర్చు మోయాలి, ఆరుగురు పంచుకుంటే తేలిక. అటవీశాఖ సొంత సైటులోనే బుక్ చేయండి. "గేటు దగ్గర మాట్లాడిపెడతా" అనే మధ్యవర్తికి ముందే డబ్బు పంపకండి. బుకింగ్‌లో ఉన్న పేరూ, చేతిలో ఉన్న ఆధార్ పేరూ ఒకటి కాకపోతే గేటు దగ్గర నిలబెడతారు, చివరి నిమిషంలో బావ బదులు బామ్మర్దిని ఎక్కించడం కుదరదు. కోర్‌లోకి ఫోన్ తీసుకుపోనివ్వరు. ఎర్ర చొక్కా, అత్తరు వద్దు. కొండముచ్చు, దుప్పి అరిస్తే గైడు "కాల్" అంటాడు (పులి దగ్గర్లో ఉందని జంతువులు చేసే హెచ్చరిక), అప్పుడు బండిలో మాటలు ఆపేయాలి. ఆ ఒక్క పని మనవాళ్లకు అన్నిటికంటే కష్టం.

నడకకు పోయేవాళ్లకు గట్టిగా చెప్పాల్సింది ఒకటుంది. మార్చి నుంచి మే దాకా ఈ జిల్లాల్లో ఇప్పపువ్వు, తునికాకు ఏరడానికి పోయే కూలీలు తెల్లవారుజామున వంగి ఉన్నప్పుడు పులి దాడుల్లో చనిపోతున్నారు. వాళ్లు ఆ అడవిలో పుట్టినవాళ్లు. కాబట్టి బఫర్ ఊళ్ల పక్కన, అది మెయిన్ రోడ్డైనా సరే, పొద్దు పొడవకముందూ పొద్దు గూకాకా సరదాగా నడవకండి. సెల్ఫీ కోసం వెదురు పొదల్లోకి పోకండి. ఊరివాళ్లు "అటు పోవద్దు" అంటే కారణం అడగకుండా వెనక్కి తిరగండి.

గడ్చిరోలి అడవుల్లో మలేరియా ఎక్కువ. సాయంత్రం నిండు చేతుల చొక్కా, రాత్రి దోమతెర. పోయి వచ్చాక రెండు, మూడు వారాల్లో చలి జ్వరం వస్తే మామూలు జ్వరమనుకుని గోళీలు మింగి ఊరుకోకండి. డాక్టర్‌కు ఏ అడవికి పోయి వచ్చారో ముందు చెప్పండి, రక్తపరీక్ష ఆ రోజే చేయించుకోండి.